సాక్షి సంతకమూ, కారం దోశా

మా అంగట్లో గల్లాపెట్టెకు ఎదురుగా ఒక కెమెరా ఉంది. దాని కంటికి నేను రోజంతా కనబడతాను. చూసేవాళ్ళు హైదరాబాదులో ఉంటారు. టోపీ తీసి తల గోక్కుంటే ఫోన్ మోగుతుంది. "సార్, క్యాప్ ప్లీజ్" అంటుంది ఒక గొంతు, చాలా మర్యాదగా. పెళ్లయిన కొత్తలో నా భార్య కూడా నన్ను ఇంత శ్రద్ధగా గమనించినట్టు గుర్తు లేదు.

నేను కడపలో టీ అమ్ముతాను. పొడి కంపెనీది, కప్పు కంపెనీది, గోడల రంగు కంపెనీది, నా నెత్తిన టోపీ కంపెనీది. గది మా మామది, కరెంటు బిల్లు నాది. దీన్ని ఫ్రాంచైజీ అంటారు. ఎంబీయే చదివినవాణ్ని కాబట్టి ఈ ఏర్పాటు నాకు మొదట్లో చాలా ఆధునికంగా కనిపించింది.

అంతకుముందు అదే గదిలో మా మామ కారం దోశలు పోసేవాడు. హోటలుకు బోర్డు లేదు. 'మూల మీద దోశ' అంటే ఆటోవాళ్ళు నేరుగా తెచ్చి దింపేవాళ్ళు. సగం కోసిన ఎర్రగడ్డతో, అదే ఉల్లిపాయతో, పెనం రుద్ది, పిండి పోసి, గరిటెతో గుండ్రంగా తిప్పి, పైన ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి ఆయన దోశ మడిచేవాడు. నేను కర్నూలు వాణ్ని, ఉగ్గాని, బజ్జీ తిని పెరిగినవాణ్ని. పెళ్లిచూపులకు వచ్చిన రోజు పెట్టిన మొదటి దోశకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంబంధం కుదిరినందుకు కుర్రాడు కరిగిపోయాడని మామ అనుకున్నాడు. నేను సరిదిద్దలేదు.

మోకాళ్ళ నొప్పులు ఎక్కువైనప్పుడు ఆయన తాళాలు నా చేతికిచ్చాడు. "నువ్వు సదువుకున్నోనివి, యెట్ల సేస్తావో సెయ్యి" అన్నాడు. చదువుకున్నవాడు ఏం చేస్తాడో అదే చేశాను. పెనం తీయించి, స్టీలు కౌంటరు పెట్టించి, హైదరాబాదు టీ కంపెనీని తెచ్చాను.

"టీకి అంత కంపెనీ ఎందుకప్పా? నీళ్ళు, పాలు, ఆకు గదా?" అన్నాడు మామ.

"బ్రాండు మామా."

"అది యాడ పోస్తారు? ముందరా, ఎనకనా?"

కంపెనీ తరఫున వచ్చిన మనిషి చక్కనివాడు. ఇస్త్రీ చొక్కా, నెమ్మది మాట. గది కొలతలు తీసుకుంటూ, "మీరు ఏ దేవుణ్ణి ఎక్కువ నమ్ముతారు సార్?" అని అడిగాడు. చనువు కొద్దీ అడిగాడనుకున్నాను. అది ఆయన పని తీరని తర్వాత తెలిసింది. బద్వేలులో ఇదే కంపెనీ అంగడి పెట్టిన ఒకాయన క్రైస్తవుడు. ఆయనతో ఆదివారం ప్రార్థన కాగానే చర్చి ఆవరణలోనే సంతకాలు చేయించాడట. ఇంకొకాయనను ఒంటిమిట్ట తీసుకుపోయాడట. మా మామకు రాఘవేంద్రస్వామి. మాకు గురువారం మంత్రాలయం వచ్చింది.

కడప నుంచి రైల్లో పోయాం. మామ తుంగభద్రలో స్నానం చేశాడు, నేను కాళ్ళు కడుక్కుని సరిపెట్టుకున్నాను. దర్శనమై లాడ్జి గదికి వచ్చేసరికి కంపెనీ మనిషి అన్నీ సిద్ధం చేసి ఉంచాడు. బల్ల మీద స్వామి పటం, పటం ముందు స్టీలు పళ్ళెం, పళ్ళెంలో అగ్రిమెంటు, అగ్రిమెంటు మీద కుంకుమ, రెండు తులసి దళాలు. అగ్రిమెంటు లావుగా ఉంది. ఇంగ్లీషులో ఉంది. నేను అలవాటు కొద్దీ రెండో పేజీ తిప్పాను. మామ నా మణికట్టు పట్టుకున్నాడు.

"స్వామి ముందర పెట్టినాక మళ్ళా సదివేదేందప్పా? నమ్మకం లేదా?"

నమ్మకం స్వామి మీదా, కంపెనీ మీదా అని అడగాలనిపించింది. రెండింటికీ మంచి జవాబు లేదు. కాబట్టి ప్రతి పేజీ మూలనా సంతకం చేశాను. చివరి పేజీలో సాక్షి దగ్గర మామ తెలుగులో, ఒత్తులు దిద్దుతూ, నిదానంగా తన పేరు రాశాడు. కంపెనీ మనిషి ముగ్గురికీ పరిమళ ప్రసాదం పంచాడు. అది మాత్రం బాగుంది.

మా మామ సాక్షి సంతకం గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. కోర్టుల్లో సాక్షి అంటే ఎవరో నాకు తెలుసు, సినిమాల్లో చూశాను. మా మామ ఊళ్ళో అర్థం వేరు. అక్కడ కాగితం మీద సాక్షిగా పేరు రాసినవాడు ఆ మాటకు కాపలాదారు. మాట తప్పితే జనం ముందు సాక్షి ఇంటికి వస్తారు. ఒకసారి ఇద్దరు అన్నదమ్ముల భాగాల పంపకంలో బావి నీళ్ళు వంతులవారీగా వాడుకోవాలని రాసుకున్నారు. సాక్షి మామ. కొన్నాళ్ళకు అన్న తమ్ముడి వంతు రోజు మోటారు గదికి తాళం వేశాడు. మామ హోటలు మూసి, ఊరికి పోయి, ఆ బావి గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. ఎవరినీ తిట్టలేదు. ఊరికే కూర్చున్నాడు. అన్న భార్య రెండు పూటలా అన్నం తెచ్చి పెట్టలేక మొగుణ్ణి తిట్టి తాళం తీయించింది. అలాంటి మనిషి చేత కంపెనీ సాక్షి సంతకం పెట్టించింది. వాళ్ళకు ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు గానీ, అప్పుడు ప్రసాదం తింటున్నాను.

టీ అంగడి నడిచింది. మామ ఖాళీగా ఇంట్లో కూర్చోలేకపోయాడు. మేమంతా ఉండే మామ ఇల్లు అంగడి వెనక వీధిలోనే. పాత పెనాన్ని కడిగి, వీధి అరుగు మీద పొయ్యి పెట్టి, ఎత్తైన స్టూలు మీద కూర్చుని పొద్దున పూట దోశలు పోయడం మొదలుపెట్టాడు. మోకాళ్ళకు స్టూలు సరిపోయింది. పాత జనమంతా వచ్చారు. అక్కడ కారం దోశ తిని, నోరు మండి, ఇటు వచ్చి నా దగ్గర టీ తాగేవాళ్ళు. ఎంబీయేలో చెప్పని వ్యాపార సూత్రం అది. నాకు నా జీవితం మీద కొంచెం ఇష్టం కూడా కలిగింది.

ఒకరోజు కంపెనీ మనిషి తనిఖీకి వచ్చాడు. వెనక వీధికి పోయి, అరుగు మీద కూర్చుని రెండు దోశలు తిన్నాడు. "అద్భుతం పెద్దాయనా" అన్నాడు. మామను ఫోటో తీశాడు. మామ నవ్వుతూ పెనం పక్కన నిలబడ్డాడు కూడా.

ఆ ఫోటో కంపెనీ నోటీసుతో పాటు వచ్చింది.

నోటీసు వల్ల ఒక మేలు జరిగింది. అగ్రిమెంటు చదివాను. నేను గానీ, నా భార్య గానీ, నా తల్లిదండ్రులు గానీ, నా అత్తమామలు గానీ, నేరుగా గానీ అడ్డదారిన గానీ, కడప, కర్నూలు జిల్లాల్లో తిండికి సంబంధించిన ఏ వ్యాపారమూ చేయకూడదు. అగ్రిమెంటు ఉన్నన్నాళ్ళూ చేయకూడదు, అది ముగిశాక ఇంకో మూడేళ్ళూ చేయకూడదు. గొడవ వస్తే కంపెనీ డైరెక్టరే తీర్పు చెబుతాడు. ఏ కోర్టుకూ పోయే హక్కు నాకు లేదు, దాన్ని నేను సంతోషంగా వదులుకున్నాను. ఇప్పుడున్న ఏ చట్టం కిందనైనా, ముందు ముందు రాబోయే ఏ చట్టం కిందనైనా నాకు కలిగే హక్కులన్నీ కూడా వదులుకున్నాను. ఇంకా పుట్టని చట్టాల్ని కూడా వదులుకున్న మనిషిని నేను. పక్కనే మూలన నా సంతకం ఉంది, అందంగా.

ఇంటికి పోయి మామకు చెప్పాను. ఆయన పెనం మీద దోశ తిరగేస్తున్నాడు. మొత్తం విన్నాడు.

"దాంట్లో నా సంతకం ఉండాదా?" అన్నాడు.

"సాక్షిగా మామా. అంతే."

"ఉండాదా, లేదా?"

"ఉంది."

దోశ మడిచి ఎదుట కూర్చున్నాయనకు ఇచ్చాడు. పొయ్యి ఆర్పాడు. "ఇంగ లేవప్పా, అయిపాయ" అన్నాడు వరసలో ఉన్నవాళ్ళతో. గిన్నెలో సగానికి పైగా పిండి కనబడుతూనే ఉంది. దాన్ని పక్కింటివాళ్ళకు పంచేశాడు. పెనం చల్లారాక గోడ వైపు తిప్పి నిలబెట్టాడు.

తర్వాత ఆయన నా అంగడికి వచ్చి కూర్చోసాగాడు. ముందు ఒక మూల కూర్చున్నాడు. తర్వాత బిస్కట్ల సీసాలు సర్దాడు. ఫోన్ మోగింది. "సార్, కౌంటర్ దగ్గర అన్‌ఆథరైజ్డ్ పర్సన్ ఉన్నారు." ఆ గది కట్టించిన మనిషి ఆయన. "మామా, ఇట్లా కూర్చో" అని కెమెరాకు అందని బల్ల చూపించాను. అక్కడ కూర్చుని ఆయన పేపరు ముందు పెట్టుకునేవాడు. చదివేవాడు కాదు. ఖాళీ టీ కప్పు అడుగుతో పేపరు మీద గుండ్రంగా తిప్పేవాడు. నడుమ నుంచి మొదలుపెట్టి అంచు దాకా. మళ్ళీ నడుమ నుంచి. ఆయనకు తెలియకుండానే.

నా భార్య ఒకరోజు అంగడికి వచ్చి అది చూసింది. టీ తాగకుండానే లేచింది. మెట్టు దిగుతూ, "మా నాయన అన్నం గూడా సరిగ్గా తినడంల్యా. నన్ను జూసి నవ్వుతాండాడు గానీ మనిసి ఈడ లేడు. మీరు ఏమన్నా సెయ్యండి, ఆ పెనం ముందర మళ్ళా కుర్సోబెట్టండి. మీ సదువుకు అంతమాత్రం చాతగాదా?" అంది. చివరి ముక్క అనకపోయినా నేను పోయేవాణ్నే. అన్నాక ఇంకొంచెం తొందరగా పోయాను.

కర్నూలులో నాతో బీకాం చదివిన స్నేహితుడు ఇప్పుడు వకీలు. మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా బస్సులో పోయి వాడి ముందు అగ్రిమెంటు పెట్టాను. వాడు దాన్ని తిరగేసినంత సేపు నేను ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను.

"ఏమిరా, క్లాసులో కాంట్రాక్టు చట్టం పేపరు నా దాంట్లో చూసి రాసినావు గుర్తుందా?" అన్నాడు.

"పాసైనాను కదా."

"ఇప్పుడు ఫెయిలైనావు. కుంకుమ ఏందిరా దీని మీద?"

చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "తెలివైనోడు" అన్నాడు, కంపెనీ మనిషి గురించి.

"నేను చదవకుండా సంతకం పెట్టాను. అది ఏమన్నా పనికొస్తుందా?"

"రాదు. చదవలేదని చెబితే జడ్జి నవ్వను కూడా నవ్వడు, ఆ మాట అంతకుముందు చాలా మంది చెప్పి ఉంటారు. చదువుకున్నోడివి, పెట్టినావు, అయిపోయింది." నీళ్ళు తాగి మళ్ళీ అన్నాడు. "అయితే చదివి పెట్టినా చెల్లనివి కొన్ని ఉంటాయి. మన దగ్గర ఫ్రాంచైజీకని ప్రత్యేకంగా చట్టం లేదు. ఉన్నది పాత కాంట్రాక్టు చట్టమే. అది ఏమంటుందంటే, నేను కోర్టుకు పోనని మనిషి రాసిచ్చినా సరే, ఆ రాత చెల్లదు. నువ్వు వదులుకున్నావు, చట్టం వదల్లేదు."

నాకు కుర్చీలో కొంచెం బలం వచ్చింది.

"అట్లనే అగ్రిమెంటు ముగిసినాక మూడేళ్ళు వ్యాపారం చెయ్యకూడదు అనేది. మనిషిని బతుకుతెరువు చేసుకోవద్దని కట్టిపడేసే రాత. అది కూడా చెల్లదు."

"అయితే రేపే దోశలు పోయొచ్చా?"

"ఆగు. ముగిసినాక అన్నాను. గడువు నడుస్తున్నంత కాలం ఆ షరతు నిలబడుతుంది. ఇంకా ఎన్నేళ్ళు ఉంది?"

చెప్పాను. వాడు తల ఊపాడు, ఆస్పత్రిలో డాక్టర్లు ఊపినట్టు.

"మరి డైరెక్టరు తీర్పు?"

"కోర్టు బయట మధ్యవర్తిని పెట్టుకుంటామని రాసుకోవచ్చు, అది చెల్లుతుంది. ఆ మధ్యవర్తి కంపెనీ సొంత మనిషి అయితే చెల్లదు. ఆ అభ్యంతరం నాకు లేదని చెప్పాలంటే గొడవ వచ్చినాక, గొడవ ఇదీ అని తెలిసినాక, ఇద్దరూ కాగితం మీద ఒప్పుకోవాలి. ముందే గుడ్డిగా రాసిచ్చింది లెక్కలోకి రాదు." వాడు అగ్రిమెంటు మూసి నా వైపు తోశాడు. "కాబట్టి వాళ్ళు ఇంకో కాగితం తీసుకోని వస్తారు చూడు. దాని మీద సంతకం పెట్టినావంటే అది చెల్లుతుంది. అది పెట్టినాక నా దగ్గరికి రావద్దు, దుడ్లు దండగ."

"మా మామ సంగతి?"

"ఆయన ఏమని సంతకం పెట్టినాడు? సాక్షి. సాక్షి అంటే నువ్వు సంతకం పెడుతుంటే చూసినాడు, అంతే. ఆ షరతులు ఆయనను కట్టెయ్యవు, సంతకం పెట్టని నీ భార్యనూ కట్టెయ్యవు. ఆయన ఇంట్లో, ఆయన సొమ్ముతో, ఆయన చేతులతో పోసుకుంటే ఎవరూ ఏం చెయ్యలేరు. నువ్వు మాత్రం పొయ్యి వెలిగినంత సేపు ఆ అరుగు ఎక్కొద్దు. పిండి కలపొద్దు, ప్లేటు తుడవొద్దు, చిల్లర ఇవ్వొద్దు. నువ్వు చెయ్యి పెడితే, అల్లుడు అడ్డదారిన వ్యాపారం చేస్తున్నాడని పట్టుకుంటారు."

తిరుగు బస్సులో నంద్యాల దాటాక కూడా నేను నవ్వుకుంటూనే ఉన్నాను. పక్కసీటాయన కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు.

ఇంటికి రాగానే మామకు అంతా వివరించాను. చట్టం ఆయనను పట్టుకోలేదని, సాక్షికి ఏ బాధ్యతా లేదని. చివరి మాట అనేసరికి ఆయన ముఖం మారింది.

"ఎవురు సెప్పింది?"

"వకీలు."

"సాక్షికి బాధ్యత లేదంటనా?" అన్నాడు. "మరి ఎవురికుండాది? నీకు లేదు, నువ్వు కోర్టుకు పోతావు. కంపెనీకి లేదు, తీర్పు సెప్పే డైరెట్టరు వాళ్ళోడే. నాకు గూడా లేదా? ఇంగ ఆ కాగితం కింద నిలబడినోడు ఎవురప్పా?"

"మామా, కోర్టు నిన్ను అడగదు..."

"నన్నడిగేది కోర్టు గాదులే" అని తువ్వాలు దులుపుకుని లోపలికి పోయాడు.

చట్టం నా చేతులు కట్టేసి ఆయన చేతులు విప్పింది. ఆయన విప్పిన చేతులు తీసుకుపోయి మళ్ళీ తానే కట్టుకున్నాడు. మధ్యలో పెనం గోడ వైపు తిరిగి ఉంది.

వకీలు చెప్పినట్టే కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. "ఎందుకు సార్ కోర్టులు, నోటీసులు? పెద్దాయన మనసు కష్టపెట్టుకున్నారట. గురువారం మంత్రాలయం రండి. స్వామి సన్నిధిలో అయిపోగొడదాం. చిన్న కాగితం, ఒక్క పేజీ."

నేను పోనని చెప్పేవాణ్ని. మామ పక్కనే ఉన్నాడు. "పోదాం. మాట ఇచ్చిన తావులోనే తేలాల" అన్నాడు.

కర్నూలుకు ఫోన్ చేశాను. "పో. పెన్ను మాత్రం తీసుకోని పోవద్దు" అన్నాడు స్నేహితుడు.

రైల్లో గుత్తి దాకా మామకు నచ్చజెప్పడానికి చూశాను. ఆయన కాల్చిన శెనక్కాయలు ఒలుస్తూ విన్నాడు. గుంతకల్లు దాటాక విన్నది చాలన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. నాకు ఒకే భయం. ఆ గదిలో ఆ పటం ముందు ఆయన మళ్ళీ నా మణికట్టు పట్టుకుంటాడు. పట్టుకుంటే నేను పెడతాను. కోర్టు, వకీలు, చదువు అన్నీ కలిపినా ఆ చేతిని విదిలించుకునే ధైర్యం నాకు లేదు.

అదే లాడ్జి. అదే పళ్ళెం. కాగితం నిజంగా ఒక్క పేజీయే, కింద సాక్షికి కూడా ఒక గీత ఉంది. కుంకుమ మాత్రం మునుపటికంటే ఎక్కువే పెట్టాడు. కంపెనీ మనిషి జేబులోంచి పెన్ను తీసి, మూత తెరిచి నా చేతికిచ్చాడు. నేను పెన్ను తేకపోవడం వల్ల ఒరిగిందేమీ లేదు.

"సంతకం అయినాక దర్శనానికి పోదాం సార్, క్యూ తక్కువగా ఉంది."

మామ చెయ్యి చాచాడు. నా మణికట్టు వైపు రాలేదు. నేరుగా పళ్ళెంలోకి పోయింది. కాగితం తీసి, దాని మీది కుంకుమను పటం ముందు దులిపి, కంపెనీ మనిషికి అందించాడు.

"సదువు."

"పెద్దాయనా, ఇది ఫార్మాలిటీ..."

"నన్ను సాక్షి సంతకం పెట్టమంటాండావు గదా. సెవిన పడనియ్యి. సదువు."

ఆయన ఇంగ్లీషులో చదివాడు. మామ మర్యాదగా చివరిదాకా విని, "ఇప్పుడు తెలుగులో సెప్పు" అన్నాడు. నేను నోరు తెరిచాను. "నువ్వు గాదు. ఆయప్ప."

కంపెనీ మనిషి చొక్కా చంకల్లో తడిసింది. "అంటే... ఈ గొడవలో మా డైరెక్టరు గారే తీర్పు చెప్తారు. దానికి మీ అల్లుడు గారు ఒప్పుకుంటున్నారు. తర్వాత అభ్యంతరం చెప్పరు."

"గొడవ ఎవురికీ ఎవురికి?"

"మీ అల్లుడికీ, కంపెనీకీ."

"డైరెట్టరు ఎవురి మనిసి?"

"కంపెనీ... ఓనరు గారి బావమరిది."

మామ నా వైపు తిరిగాడు. "మా ఊరి బాయి పంచాయితీలో మోటరుకు తాళం యేసినోన్నే పెద్దమనిసిగా కుర్సోబెట్టినట్లుండాది" అన్నాడు. మళ్ళీ ఆయన వైపు తిరిగి, "మొదట రాసిన లావు కాగితంలో గూడా ఇట్లాటివి ఉండాయంట గదా. దోశలు పొయ్యగూడదని, మా ఇంటిల్లిపాదీ. ఆ పొద్దు సదివి ఇనిపిస్తివా?"

"మీరే వద్దన్నారు కదా పెద్దాయనా. స్వామి ముందు పెట్టాక..."

"అన్నా. తప్పు నాదే. నువ్వు సదివి ఇనిపిస్తివా, అది సెప్పు."

"లేదు."

"ఊ. నేను సాక్షిని. సాక్షి సూసిందే సెప్పాల, ఇన్నదే నిలబెట్టాల. నేను సూసింది సెప్తా ఇను. మా అల్లుడు సదవల్యా. నువ్వు సదివి ఇనిపీల్యా. స్వామి సదువుదామన్నా నువ్వు కుంకుమ పోసి కప్పెడితివి. నేను ఇన్నది ఒగటే, ఈయప్ప మీ టీ అమ్ముతానన్న్యాడు. అమ్ముతాండాడు. గడువు దాకా అమ్ముతాడు, అమ్మకపోతే నేనే పోయి ఈయప్ప అంగడి ముందర కుర్సుంటా. దోశ మాట మాత్రం నా సెవిన పడ్ల్యా. సెవిన పడని మాటకు నేను సాక్షిని గాదు."

కాగితాన్ని మడవకుండా బల్ల మీద పెట్టాడు. కంపెనీ మనిషి నా చేతిలోని పెన్ను వైపు చూశాడు. నేను మూత పెట్టి తిరిగి ఇచ్చేశాను. దర్శనానికి ముగ్గురం కలిసే పోయాం. పాపం, రూము డబ్బులు ఆయనే కట్టాడు.

ఆ తర్వాత కంపెనీ నుంచి ఒకటి రెండు కాగితాలు వచ్చాయి. కర్నూలు నుంచి జవాబులు పోయాయి. ఇప్పటికైతే అటు నుంచి చప్పుడు లేదు. గెలిచానని అనుకోవడానికి లేదు. అగ్రిమెంటు అలాగే ఉంది, గడువు అలాగే ఉంది, నేను టోపీ పెట్టుకుని అలాగే ఉన్నాను.

మంత్రాలయం నుంచి వచ్చిన మరుసటి రోజు పొద్దున పెనం ఇటు తిరిగింది. నా భార్య పిండి రుబ్బి ఇచ్చింది. మామ స్టూలు మీద కూర్చుని ఎర్రగడ్డతో పెనం రుద్దాడు. మొదటి దోశ అంచు చిరిగింది. "సెయ్యి మర్సిపోయింది" అన్నాడు. రెండోదానికి గుర్తొచ్చింది.

ఇప్పుడు ఆయనకు కొత్త దిగులు పట్టుకుంది. "ఈ పెనం నీకు నేర్పీల్యా. నీ గడువు అయిపోయినాక నువ్వే గదా పొయ్యాల్సింది" అంటాడు. గడువు తర్వాత నన్ను ఎవరూ ఆపలేరని వకీలు అన్నాడు. అది నిజం. అంతదాకా నేను గరిటె పట్టకూడదు. అదీ నిజం. మామ మోకాళ్ళు అగ్రిమెంటు చదవలేదు, గడువు దాకా ఆగుతామని అవి ఎక్కడా సంతకం పెట్టలేదు. ఈ మధ్య స్టూలు దిగడానికి నా భార్య భుజం పట్టుకుంటున్నాడు.

అందుకని పొద్దున బేరం కొంచెం పలచబడ్డాక నేను అంగడి మెట్టు దిగి, సందు మొదట్లో ఉన్న కరెంటు స్తంభం దాకా పోతాను. దాన్ని దాటి పోను. అక్కడి నుంచి అరుగు బాగా కనబడుతుంది. మామ నన్ను చూడనట్టే ఉంటాడు గానీ, నేను నిలబడగానే మణికట్టు నెమ్మదిగా తిప్పుతాడు. గరిటె నడుమ ఆనించి, నొక్కకుండా, అంచు దాకా. ఒక్కోసారి మధ్యలో ఆపి, పిండి ఎంత పలచగా ఉండాలో గరిటె ఎత్తి జారవిడిచి చూపిస్తాడు, ఎదుట కూర్చున్నవాళ్ళ కోసమన్నట్టు.

ఇంతలో ఫోన్ మోగుతుంది. "సార్, కౌంటర్ ఖాళీగా ఉంది." వస్తున్నానంటాను. ఇంకో దోశ అయ్యేదాకా నిలబడతాను. అగ్రిమెంటులో పోయకూడదని ఉంది, అమ్మకూడదని ఉంది, సాయం చేయకూడదని ఉంది. చూడకూడదని ఎక్కడా లేదు. ఈసారి మొత్తం చదివాను.